మా బొరుగు కరిచిన వారం

నవంబరు 8, రెండో శనివారం. బడి లేదు. పొద్దున ఏడింటికే కర్నూలులో మా ఇల్లు సంత అయిపోయింది. పాపకు ఎనిమిదేళ్లు, చిన్నోడికి ఐదు. ఇద్దరి మధ్యలో బొరుగు. దసరా సెలవుల్లో మా వీధి చివర ఇసుక కుప్ప మీద ఒంటరిగా దొరికిన కుక్కపిల్ల అది. తెల్లగా, తేలిగ్గా, ఊదితే ఎగిరిపోయేటట్టు ఉందని మా అత్త పెట్టిన పేరు. నెల తిరిగేసరికి అది కొరకని వస్తువు ఇంట్లో మిగల్లేదు. మా ఆయన చెప్పులు రెండు జతలు, పాప లెక్కల పుస్తకం అట్ట, మంచం కోడు, చీపురు. ఆ పొద్దున ఉగ్గాని కోసం తడిపి పెట్టిన బొరుగుల గిన్నెలో మూతి పెట్టింది. వాటిని పారబోసి మళ్లీ తడిపాను. ఇదంతా మామూలే అనుకునే రోజులు.

సాయంత్రం ఐదింటప్పుడు పిల్లలు వరండాలో దానితో మేజోడు లాగులాట ఆడుతున్నారు. నేను లోపల రొట్టె పిండి పిసుకుతున్నా. ఒక్కసారి అరుపు వినిపించింది. ‘ఏమైందిరా’ అంటే ‘ఏం లేదమ్మా’ అన్నాడు చిన్నోడు. గొంతు మామూలుగానే ఉంది. నేను బయటికి రాలేదు.

రాత్రి ఏడింటికి అన్నానికి కూర్చున్నప్పుడు వాడు ఎడమ చేత్తో తినబోయాడు. కుడి చేయి చూపించమంటే వెనక్కి దాచుకున్నాడు. పాప ఏడుపు మొదలుపెట్టింది. ‘బొరుగు కరిచిందమ్మా, చెప్తే దాన్ని ఎక్కడైనా వదిలేస్తారని చెప్పలేదు’ అంది. బొటనవేలు కింద కండలో రెండు రంధ్రాలు. చుట్టూ రక్తం ఎండిపోయి ఉంది. తుడుచుకోవడానికి వాడిన మేజోడు మంచం కింద దాచారు. ఐదేళ్ల పిల్లోడు రెండు గంటలు ఆ నొప్పి ఓర్చుకుని కూర్చున్నాడు. పిల్లలున్న ఇంట్లో కుక్కపిల్ల ఉంటే ఈ ఒక్క మాట ముందే చెప్పి పెట్టండి: ‘కరిస్తే చెప్పండి, దాన్ని ఎవరూ పంపించేయరు’ అని. నేను చెప్పలేదు. ఆ రెండు గంటలు నన్ను ఇప్పటికీ వదలవు.

పక్కింటి ఆమె వచ్చి, పత్తికొండ దిక్కు ఒక పల్లెలో పసరు పోస్తారు, రేపు పొద్దున్నే తీసుకుపోండి అంది. అంతవరకు పసుపు, సున్నం అద్దమంది. అత్త పాతకాలం మనిషి, ఆమె కూడా అదే అంటుందేమో అనుకున్నా. అత్త లేచి నిలబడింది. ‘పసరు వద్దు, ఏమీ వద్దు. సూది ఏపించండి. ఇప్పుడే పోండి’ అంది. ఎందుకంత గట్టిగా అందో నాకప్పుడు తెలియదు.

కొళాయి కింద వాడి చేయి పెట్టి బట్టల సబ్బుతో కడిగాను. పదిహేను నిమిషాలు కడగాలని బడిలో టీచరు చెప్పిందని పాప గోడ గడియారం చూస్తూ నిలబడింది. పదిహేను నిమిషాలంటే ఎంత సేపో ఆ రోజు తెలిసింది. మూడో నిమిషానికే వాడు చాలు చాలు అన్నాడు. పదో నిమిషానికి నా చేతులు కూడా వణికాయి. ఆలస్యమైనా సరే, ఆ కడగడం వృథా పోలేదని తర్వాత ఆసుపత్రిలో డాక్టరు చెప్పారు. గాయంలో ఉండే రేబిస్ వైరస్‌ను సబ్బు చాలావరకు చంపేస్తుందట.

ముందు దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్కుకు పోయాం. ‘ఇంటి కుక్కే కదా, పైగా పిల్ల. ధనుర్వాతానికి టీటీ ఒకటి చాలు’ అన్నారు. గాయానికి గట్టిగా కట్టు కట్టబోయారు. ఫీజు 300. అక్కడే అరగంట పోయింది. మా ఆయన సరేనన్నట్టే ఉన్నాడు. అప్పుడే అత్త ఫోను చేసి ‘సూది ఏసినారా’ అని అడిగింది. టీటీ వేస్తామంటున్నారని చెప్పా. ‘అది కాదు, కుక్క సూది’ అంది. కట్టు వద్దని చెప్పి ఆటో ఎక్కాం. బళ్లారి చౌరస్తా దగ్గర శనివారం రద్దీ. ఆటో కదలకపోతే నాకు ఊపిరి ఆడలేదు.

సర్కారు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి చేరేసరికి 8:40. ఆ వేళకు ఓపీ ఉండదు గానీ క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది. కుక్కకాటుకు పొద్దున దాకా ఆగాల్సిన పని లేదు. చీటీ రాయించుకుని, నలభై నిమిషాలు బెంచీ మీద కూర్చున్నాం. మాలాగే కుక్కకాటుతో వచ్చినవాళ్లు ఆ రాత్రి ఇంకో ముగ్గురు ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దాయన పిక్క మీద మిరప్పొడి అద్దుకుని వచ్చాడు. అది కడుగుతుంటే ఆయన పెట్టిన కేకకు చిన్నోడు నా కొంగులో దూరాడు.

డ్యూటీ డాక్టరు ఒక అమ్మాయి. ప్రశ్నలు చకచకా అడిగింది. కుక్క ఎవరిది, దానికి టీకా వేయించారా, రక్తం వచ్చిందా. బొరుగుకు ఇంకా టీకా వేయించలేదు. మూడు నెలలు నిండాక వేయించాలని ఆగాం. రక్తం వచ్చింది కాబట్టి ఇది మూడో రకం కాటు అంది. చెక్కుచెదరని చర్మాన్ని నాకితే మొదటి రకం, దానికి మందు అక్కర్లేదు. రక్తం రాకుండా గీరుకుంటే రెండో రకం, టీకా చాలు. పళ్లు దిగి రక్తం వస్తే మూడోది. టీకాతో పాటు గాయం చుట్టూ సీరం కూడా ఎక్కించాలి. టీకా పని మొదలుపెట్టడానికి కొన్ని రోజులు పడుతుందట, ఆ లోపల కాపాడేది ఈ సీరం.

‘ఇంట్లో ఇంకెవరికైనా గోరు గీరుకుందా?’ అని అడిగింది. నేను లేదన్నా. పాప మెల్లగా గౌను పైకి లాగి పిక్క చూపించింది. రెండు రోజుల కిందటి గీత. దాన్నీ దాచింది. దానితో ఇద్దరికీ చీటీ రాశారు.

సీరం ఎంత వేయాలో బరువు చూసి లెక్క కడతారు. చిన్నోడు 16 కిలోలు. కిలోకు 40 యూనిట్ల చొప్పున 640. గుర్రం రక్తం నుంచి తీసే సీరం అట, కొందరికి పడదు. అందుకని ముందు ముంజేతి చర్మం కింద చుక్క వేసి అరగంట చూశారు. దద్దురు రాలేదు. ఆ తర్వాత గాయం లోపల, చుట్టూ సూదితో నాలుగైదు చోట్ల ఎక్కించారు. అరచేతి కండ చాలా చిన్నది, అందులో మందు పట్టదు. వాడు అరిచిన అరుపు నేను రాయలేను. మా ఆయన వాణ్ణి ఒళ్లో బిగించి పట్టుకున్నాడు, ఆయన కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. నన్ను తలవైపు నిలబెట్టి మాట్లాడిస్తూ ఉండమన్నారు. ‘బొరుగుకు కూడా సూది వేస్తారా అమ్మా’ అని ఏడుపులోనే అడిగాడు.

టీకా మాత్రం చాలా తేలిక. వెనకటిలా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు లేవు. రెండు భుజాలకూ చెరొకటి, చర్మం పొరలోకే, 0.1 మిల్లీలీటరు. వేసిన చోట కందిబ్యాళ్లంత బుడిపె లేస్తుంది. అది లేస్తేనే మందు సరిగ్గా పడినట్టు. టీటీ తొడకు. గాయానికి కట్టు కట్టలేదు, కుట్టు వేయలేదు. గాలి ఆడనివ్వమన్నారు. అంతటికీ మాకు పైసా కాలేదు. ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది.

అత్త మేలుకునే ఉంది. పిల్లలు పడుకున్నాక చెప్పింది. ఆమె తమ్ముడికి ఏడేళ్లప్పుడు వీధి కుక్క కరిచింది. పసరు పోయించి, పత్యం పెట్టించారు. గాయం మానిపోయింది. రెండు నెలల తర్వాత ఒక పొద్దున చెంబుతో నీళ్లిస్తే వాడు చెంబును చూసి వణికాడట. మూడో రోజుకు లేడు. ‘దప్పికని అడుగుతాడు, ఇస్తే తాగలేడు’ అంది. పెళ్లై తొమ్మిదేళ్లయినా ఆమెకు ఒక తమ్ముడు ఉండేవాడని నాకు తెలియదు. ఆ మాట అన్నాక ఆమె ఇంకేం మాట్లాడలేదు.

ఆదివారం నుంచి అసలు కథ. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమన్నారు. కరిచిన నాటికి దానికి జబ్బు ఉండి ఉంటే ఈ పది రోజుల్లో అది బయటపడుతుంది, కుక్క బతకదు. పది రోజులు నిక్షేపంగా ఉంటే కాటుతో రేబిస్ రానట్టే. అందుకని చంపకూడదు, తరమకూడదు, ఎక్కడా వదిలేయకూడదు. తిండి మానేస్తోందా, చొంగ కారుస్తోందా, మొరుగు మారిందా, చీకట్లో నక్కుతోందా, వెనక కాళ్లు ఈడుస్తోందా చూడాలి. వరండాలో తాడుతో కట్టేశాం. గంటకు తాడు కొరికేసింది. 180 పెట్టి గొలుసు తెచ్చాం. పిల్లలు గడప లోపల, అది గడప బయట. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ అడ్డం. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చునేవాళ్లు.

ఆ వారంలో నా మనసు తలకిందులైంది. అంతకుముందు బొరుగు అల్లరి చేస్తే విసుగు వచ్చేది. ఇప్పుడు అది కాసేపు ఊరికే పడుకుంటే గుండె దడ. లేచి నీళ్ల గిన్నె బోర్లా కొడితే ప్రాణం కుదుటపడేది. సోమవారం అది మ్యాటు చింపి దూది పీకింది. ఆ దూది ఊడ్చుకుంటూ దేవుడికి దండం పెట్టుకున్నా. రోజుకు మూడుసార్లు అది నీళ్లు తాగుతుంటే అత్త పక్కన పీట వేసుకుని చూసేది. ఎందుకు చూస్తోందో ఇద్దరం అనుకోలేదు.

రెండో డోసు దగ్గర నేనొక పొరపాటు చేశా. చీటీలో 0, 3, 7, 28 అని ఉంది. శనివారం ఒకటో రోజని లెక్కేసి, మూడో రోజని సోమవారం బడి మాన్పించి తీసుకుపోయా. గంటన్నర వరుసలో నిలబడ్డాక సిస్టర్ చీటీ చూసి, ‘సున్నా శనివారం అమ్మా, మూడు అంటే మంగళవారం’ అంది. ఆటోకు పోను రాను 160 మళ్లీ. మీరు చీటీ తీసుకోగానే తేదీలు రాయించుకోండి. మావి నవంబరు 8, 11, 15, డిసెంబరు 6. సిస్టర్ చెప్పిన ఇంకో సంగతి కూడా ఉపయోగపడింది. ఒక సీసా విప్పితే అందులో మందు నలుగురైదుగురికి వస్తుంది, విప్పిన సీసాను ఆ పూటే వాడేయాలి, అందుకని మనుషులు పోగయ్యే వేళకు వస్తే తొందరగా అయిపోతుంది. మంగళవారం తొమ్మిదిన్నరకు పోయాం, పదిన్నరకల్లా బయటపడ్డాం. చిన్నోడు చేయి గుంజడంతో ఎడమ భుజాన మందు బయటికి కారింది, బుడిపె లేవలేదు. మళ్లీ వేశారు. అప్పటి నుంచి వాడికి బుడిపె మీద పెద్ద నమ్మకం. పాప భుజం కూడా తడిమి చూసి, ‘అక్కకు వచ్చింది’ అని సిస్టర్‌కు చెప్పాడు.

తిండికి పత్యం అక్కర్లేదన్నారు. వంకాయ, కోడిగుడ్డు, మాంసం ఏవీ మానాల్సిన పని లేదు. చుట్టుపక్కల వాళ్లు చెప్పినవన్నీ వింటే పిల్లలు చారన్నంతోనే నెల గడపాలి.

బుధవారం సాయంత్రం ఆరింటికి చూస్తే గొలుసు ఉంది, బొరుగు లేదు. మెడ పట్టీ విప్పి ఉంది. నాకు కాళ్లు ఆడలేదు. కుక్క కనిపించకుండా పోతే ఇంక దేన్ని చూసి ధైర్యం తెచ్చుకోవాలి? మా ఆయన అంగడి మూసుకుని వచ్చాడు. నేను ఆ సందు, ఈ సందు తిరిగా. చెత్త కుండీల దగ్గర, ఇడ్లీ బండి దగ్గర, ఇల్లు కడుతున్న చోట ఇటుకల వెనక వెతికా. చీకటి పడింది. ఎనిమిదిన్నరకు ఇంటికి వచ్చి కూలబడ్డా. పాప అన్నం తినకుండా పెరుగన్నం గిన్నె పట్టుకుని మిద్దె మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆ గిన్నె చూశాక అర్థమైంది. మిద్దె మీద పాత సామాన్ల గదిలో, తన శీతాకాలం స్వెట్టరు పరిచి, దాన్ని పడుకోబెట్టింది. పక్కింటి ఆమె ఎవరితోనో ‘మున్సిపాలిటీ వాళ్లకు చెప్తే పట్టుకుపోతారు’ అనడం విందట. నేను కోప్పడలేదు. అక్కడే మెట్ల మీద పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పది రోజులంటే ఏమిటో, ఎందుకు కళ్లెదుటే ఉండాలో, అత్త తమ్ముడి కథ తప్ప అన్నీ చెప్పా. ‘ముందే చెప్పొచ్చు కదమ్మా’ అంది. నిజమే. పిల్లలకు భయం వేస్తుందని మేం గుసగుసలాడుకున్నాం, ఆ గుసగుసలే వాళ్లను భయపెట్టాయి.

గురువారం పొద్దున బొరుగు పాలు ముట్టలేదు. ముక్కు కాళ్ల మధ్య పెట్టుకుని పడుకుంది. పిలిస్తే తోక ఒక్కసారి ఆడించి ఆపేసింది. అత్త పీట మీద నుంచి లేవలేదు. మా ఆయన అట్టపెట్టెలో పెట్టి, చేతులకు మందపాటి గుడ్డ చుట్టుకుని, పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను వెనకే పోయా. ఆ ఇరవై నిమిషాల ఆటో ప్రయాణంలో ఒక్క మాట మాట్లాడుకోలేదు. డాక్టరు గారు జ్వరం చూసి, కడుపు నొక్కుతుండగానే అది కక్కింది. నూనెలో నానిన వత్తులు, ఏడో ఎనిమిదో. కార్తీకమాసం కదా, అత్త రోజూ తులసి దగ్గర పెట్టే దీపాల వత్తులు. మిద్దె మీద నుంచి కిందికి తెచ్చిన హడావిడిలో ఎప్పుడు మింగిందో. అవి పడిపోయాక లేచి నిలబడి, డాక్టరు గారి చెప్పు వాసన చూసింది. నేను ఆ గది గోడకు ఆనుకుని ఏడ్చేశా.

ఆయన ఓపికగా చాలా చెప్పారు. మూడు నాలుగు నెలల్లో పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి, చిగుళ్లు సలుపుతాయి, అందుకే కనిపించిందల్లా కొరుకుతుంది. చల్లటి క్యారెట్టు ఇవ్వండి. పిల్లలు పరిగెత్తితే దానికి వేటాట. అది మీద పడినప్పుడు అరవకుండా, ఉరకకుండా, చెట్టులా చేతులు కట్టుకుని నిలబడాలి. గుడ్డతో లాగులాట వద్దు. టీకా ఇప్పుడే వేసేయమని అడిగితే వద్దన్నారు. కనిపెట్టి చూసే పది రోజుల్లో టీకా వేస్తే, దానికి కాస్త నలతగా ఉన్నా అది టీకా వల్లనో జబ్బు వల్లనో తేల్చుకోలేం. పదకొండో రోజు తీసుకురమ్మన్నారు. ఏలికపాముల మందు మాత్రం తాగించారు. వచ్చేదారిలో సి.క్యాంపు రైతుబజారులో కిలో క్యారెట్లు కొన్నాం.

శుక్రవారం బాలల దినోత్సవం. చిన్నోడు చొక్కాకు గులాబీ పెట్టుకుని పోయాడు, సాయంత్రం దాన్ని బొరుగుకు చూపించడానికి గడప దగ్గరికి వంగాడు, అది గులాబీ తినేసింది. వాడు ఉరకలేదు. చేతులు కట్టుకుని చెట్టులా నిలబడ్డాడు, కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. శనివారం మూడో డోసు అయింది. ఎవరూ ఏడవలేదు.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: టీకా, సీరం, టీటీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మాకైంది ఆటోలకు 800 దాకా, క్లినిక్కుకు 300, గొలుసు, మందులు, క్యారెట్లు, పాపకు కొత్త బూట్లు కలిపి ఇంకో 900. అంగడి రెండు పూటలు మూసి ఉంది. గాయం వారానికే ఎండింది. సీరం వేసిన చోట నాలుగు రోజులు వాపు ఉంది, వేళ్లు ముడవలేకపోయాడు, ఆ నాలుగు రోజులూ నేనే తినిపించా.

మంగళవారం, 18వ తేదీతో పది రోజులు నిండాయి. ఆ రాత్రి అత్త తన చేత్తో చెంబుతో నీళ్లు తెచ్చి బొరుగు గిన్నెలో పోసింది. అది చప్పుడు చేస్తూ అంతా తాగింది. అత్త పీట తీసి లోపల పెట్టేసింది. కుర్చీ అడ్డం తీశాం. కుక్క బాగుంది కదా, పిల్లలకు చివరి డోసు మానేయొచ్చా అని అప్పటికే పెద్దాసుపత్రిలో అడిగాను. మానకూడదు, చర్మంలోకి వేసే పద్ధతిలో నాలుగూ పూర్తి చేయాల్సిందే అన్నారు. డిసెంబరు 6 క్యాలెండరులో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టా.

నిన్న బుధవారం బొరుగుకు టీకా వేయించాం. చిన్నోడు నేనే పట్టుకుంటానన్నాడు, డాక్టరు గారు మూతికి పట్టీ వేసి సరేనన్నారు. మెడ దగ్గర చర్మం పైకి లాగి సూది వేశారు. అది కుయ్యిమని ఊరుకుంది. వాడు ఆ చోట బొచ్చు పక్కకు తోసి, మూడుసార్లు తడిమి చూశాడు.

‘సార్, దీనికి బుడిపె రాలేదు. మళ్లీ వేయండి’ అన్నాడు.